చిన్న తెరలపై తెలుగు, ఒడియా అక్షరాలు: బొమ్మలను కోడ్ అర్రేలుగా మార్చడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో, అంటే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు, దుకాణం ముందు వెలిగే బోర్డు మొదలుకొని గుడిలో టోకెన్ నంబరు చూపే తెర వరకు అన్నీ ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలని కోరేవారు చాలామంది. ఆర్డుయినో, ఈఎస్‌పీ 32 బోర్డులతో ఇటువంటి పనులు చేసే పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులకూ, ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణాల వారికీ పదే పదే ఎదురయ్యే సందేహాలకు ఇక్కడ సమాధానాలు రాశాము. తెరకు వైర్లు కలపడం, ప్రోగ్రామును బోర్డులోకి ఎక్కించడం మీకు వచ్చుననే భావంతో మొదలుపెడుతున్నాము.

బొమ్మను అర్రేగా మార్చడం అంటే ఏమిటి?

ఆర్డుయినో వంటి బోర్డులో ఫైళ్లు, ఫోల్డర్లు ఉండవు; పీఎన్‌జీ, జేపెగ్ ఫైళ్లను విప్పి చూసేంత మెమరీ కూడా సాధారణంగా ఉండదు. అందుచేత బొమ్మలోని ప్రతి పిక్సెల్‌నూ కంప్యూటర్‌లోనే ముందుగా అంకెలుగా మార్చి, ఆ అంకెల వరుసను ప్రోగ్రాములో భాగంగా రాసి పెడతాము. ఆ వరుసనే అర్రే అంటారు. ఒకే రంగు తెరలో ఒక్కో పిక్సెల్‌కు ఒక బిట్ చాలు: వెలగాలంటే 1, ఆరి ఉండాలంటే 0. అటువంటి ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఒక వరుసలో మొదటి రెండు పిక్సెళ్లు ఆరి, తరువాతి నాలుగు వెలిగి, చివరి రెండు ఆరి ఉంటే ఆ వరుస 00111100 అవుతుంది; దశాంశ పద్ధతిలో దాని విలువ 60. మార్పిడి సాధనాలు ఇదే విలువను హెక్సాడెసిమల్‌లో అచ్చువేస్తాయి, అంతే తేడా. అందరూ వాడే 0.96 అంగుళాల ఓలెడ్ తెరలో 128 × 64, అంటే 8,192 పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి తెర నిండా పట్టే బొమ్మకు 1,024 బైట్లు కావాలి.

తెలుగు, ఒడియా పదాలను కోడ్‌లో నేరుగా టైప్ చేస్తే తెరపై పిచ్చి గుర్తులు ఎందుకు వస్తాయి?

ప్రోగ్రాము రాసే సాఫ్ట్‌వేర్ అయిన ఆర్డుయినో ఐడీఈ మీరు టైప్ చేసిన పదాన్ని యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తుంది. ఆ పద్ధతిలో తెలుగు, ఒడియా లిపుల్లోని ఒక్కో కోడ్‌కు, అంటే ఒక్కో అక్షరానికో గుర్తుకో కేటాయించిన సంఖ్యకు, 3 బైట్లు పడతాయి. "రాయగడ" అనే పదంలో ర, ఆకారపు గుర్తు, య, గ, డ అని 5 కోడ్‌లు ఉన్నాయి కాబట్టి మొత్తం 15 బైట్లు. తెరపై గీసే పని చేసే అడాఫ్రూట్ జీఎఫ్‌ఎక్స్ లైబ్రరీ ఆ 15 బైట్లనూ 15 వేర్వేరు గుర్తులుగా భావించి, తన సొంత ఫాంట్‌లో ఆయా సంఖ్యలకు ఏ గుర్తు ఉంటే దాన్ని గీస్తుంది. తెరపై కనిపించేవి అవే.

అదే పని చేసే మరో లైబ్రరీ, యూ8జీ2కి యూటీఎఫ్-8 చదవడం తెలుసు. అయినా సమస్య తీరదు, ఎందుకంటే మన లిపిలో అక్షరం వేరు, కోడ్ వేరు. "క్ష" అనేది క, పొల్లు, ష అనే మూడు కోడ్‌ల వరుస. ఆ మూడూ కలిసినప్పుడు ఏ రూపం రావాలో, వత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంట్‌లోని నియమాలను చదివి తేల్చే పనిని కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ హార్ఫ్‌బజ్ వంటి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ చేస్తుంది. చిన్న తెరల లైబ్రరీల్లో ఆ భాగం లేదు. కాబట్టి పదాన్ని కంప్యూటర్‌లో పూర్తిగా కూర్చి, దాన్ని బొమ్మగా బోర్డుకు అందించాలి. మారకుండా ఉండే పదాలకు ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదని మా అభిప్రాయం. కంప్యూటర్‌లో మీరు చూసి సరేనన్న రూపమే తెరపైనా కనిపిస్తుంది.

తెలుగు పదం చదవగలిగేలా ఉండాలంటే ఎన్ని పిక్సెళ్ల ఎత్తు కావాలి?

ఆంగ్ల అక్షరం 5 × 7 పిక్సెళ్లలో ఒదిగిపోతుంది. తెలుగు అక్షరానికి పైన తలకట్టో గుడో ఏత్వమో, నడుమ అసలు అక్షరం, కింద వత్తు అని మూడు అంతస్తులు ఉంటాయి. వత్తులు లేని పదానికి 20 నుంచి 24 వరుసలు, వత్తులున్న పదానికి 32 వరుసలు కేటాయించమని మా సలహా. 64 వరుసల తెరపై అప్పుడు రెండు పంక్తులే పడతాయి, నిజమే. కానీ ముక్కు తెరకు ఆనించి చూస్తే తప్ప చదవలేని నాలుగు పంక్తులకన్నా దూరం నుంచి చదవగలిగే రెండు పంక్తులు మేలు.

ఎత్తు తగ్గించినప్పుడు అందం పోవడం ఒక్కటే కాదు, అక్షరమే మారిపోయే ప్రమాదం ఉంది. ప, వ అక్షరాల మధ్య తేడా తలకట్టు దగ్గరి చిన్న ఖాళీ మాత్రమే. ఆ ఒక్క పిక్సెల్ నిండిపోతే "పాలు" "వాలు" అవుతుంది. ధ కింద ఉండే చిన్న గీత మాయమైతే కిరాణా దుకాణం బోర్డుపై "ధర" కాస్తా "దర" అవుతుంది. ఒడియాలో ఇబ్బంది మరో రకంగా ఉంటుంది: చాలా అక్షరాలకు పైన గుండ్రటి నెత్తి ఒకేలా ఉండి, తేడా అంతా దాని లోపలా కిందా ఉంటుంది కాబట్టి, నెత్తికే వరుసలన్నీ ఖర్చైపోతే అక్షరాన్ని గుర్తుపట్టడం కష్టం. ఒడియా బొమ్మను బిగించే ముందు ఒడియా బాగా చదివే వారికి ఒకసారి చూపించండి.

ఫాంట్ విషయానికి వస్తే, రామభద్ర వంటి బొద్దు ఫాంట్లలో అక్షరాల లోపలి ఖాళీలు చిన్న కొలతలో పూడుకుపోతాయి. గీత మందం సమానంగా ఉండే నోటో సాన్స్ తెలుగు వంటివి నయం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు పేరుతో గిడుగు అనే ఫాంట్ కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయితే పేరు చూసి కాక, అసలు పిక్సెల్ కొలతలో అక్షరం ఎలా కనిపిస్తుందో చూసే ఏ ఫాంట్‌నైనా ఎంచుకోవాలి.

బొమ్మను ఎలా సిద్ధం చేసుకోవాలి?

పెద్ద బొమ్మ చేసి తరువాత కుదించడం అక్షరాలకు పనికిరాదు. గింప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మొదటే తెరపై కావలసిన కొలతకు, ఉదాహరణకు 96 × 32కు, కాన్వాస్ తెరిచి, అందులోనే పదం టైప్ చేయండి. అంచులను బూడిద రంగుతో నునుపు చేసే యాంటీఅలియాసింగ్‌ను ఆపేయండి. తరువాత బొమ్మను నలుపు తెలుపు రెండే రంగులకు మార్చి, 800 శాతం పెద్దది చేసి చూసి, పూడిపోయిన ఖాళీలను, తెగిపోయిన గీతలను పెన్సిల్ సాధనంతో ఒక్కో పిక్సెల్ చొప్పున చేత్తో సరిచేయండి. ఈ చివరి పనిని చాలామంది వదిలేస్తారు. చదవగలిగే బోర్డుకూ చదవలేని బోర్డుకూ తేడా వచ్చేది ఇక్కడే కనుక దీనికి ఎంత సమయం పట్టినా వెచ్చించండి.

ఫైలును పీఎన్‌జీగా దాచండి. జేపెగ్ పద్ధతి అంచుల చుట్టూ మసక చుక్కలను పుట్టిస్తుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మకూ అదే గతి పడుతుంది కాబట్టి, పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌తో చేసిన డిజైన్ ఉంది. యూనికోడ్ కాదు కదా, పనికొస్తుందా?

నిస్సందేహంగా పనికొస్తుంది. అర్రేలోకి వెళ్లేది పిక్సెళ్లే తప్ప అక్షరాల కోడ్‌లు కావు. తెలుగుకు అను, ఒడియాకు అకృతి వంటి పాత ఫాంట్లతో కూర్చిన పదాన్ని కూడా కావలసిన కొలతలో పీఎన్‌జీగా ఇప్పించుకుంటే చాలు.

పైథాన్‌తో పదాలన్నిటినీ ఒకేసారి మార్చుకోవచ్చా?

పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీతో మార్చుకోవచ్చు, ఒక షరతుతో. పిల్లో తన ప్రాథమిక పద్ధతిలో గీస్తే వత్తులు, గుణింతపు గుర్తులు విడివిడిగా పడతాయి. అవి సరిగా కలవాలంటే రాక్మ్ అనే తోడు లైబ్రరీ ఉండాలి. మీ కంప్యూటర్‌లో అది ఉందో లేదో పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూల్ చెబుతుంది. ముందుగా "క్ష్మి", "స్త్రీ" వంటి రెండు కఠినమైన అక్షరాలు గీయించి చూసి, అవి సరిగా వస్తేనే మిగతా పదాల జోలికి వెళ్లండి.

బొమ్మను అర్రేగా మార్చడానికి ఏ సాధనం మంచిది?

కొత్తవారికి ఇమేజ్2సీపీపీ. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. విండోస్‌లో ఎల్‌సీడీ అసిస్టెంట్ అనే పాత సాధనాన్ని ఇప్పటికీ వాడేవారున్నారు. యూ8జీ2 వాడేవారికి గింప్ ఒక్కటే చాలు: అది బొమ్మను ఎక్స్‌బీఎం రూపంలో ఎగుమతి చేస్తుంది, ఆ ఫైలు దానంతట అదే సి భాషలో రాసిన అర్రే.

సాధనం అడ్డమా నిలువా, ఏ బిట్ ముందు అని అడుగుతుంది. ఏది ఎంచుకోవాలి?

ఈ పని మొత్తంలో శ్రద్ధగా అర్థం చేసుకోవలసిన విషయం ఇదే. ఒకే బొమ్మను బైట్లుగా పేర్చడానికి పలు క్రమాలు ఉన్నాయి. సాధనం పేర్చిన క్రమమూ, లైబ్రరీ చదివే క్రమమూ ఒకటి కావాలి.

అడ్డ పద్ధతిలో ఒక బైట్ అంటే ఒకే వరుసలో పక్కపక్కన ఉన్న ఎనిమిది పిక్సెళ్లు. నిలువు పద్ధతిలో ఒక బైట్ అంటే ఒకే నిలువులో ఒకదాని కింద ఒకటి ఉన్న ఎనిమిది పిక్సెళ్లు. ఓలెడ్ తెరను నడిపే ఎస్‌ఎస్‌డి 1306 చిప్ లోపల మెమరీ నిలువు పద్ధతిలోనే ఉంటుంది: 64 వరుసలు 8 పేజీలుగా విడిపోయి, ప్రతి బైట్‌లో చిన్న బిట్ (విలువ 1 గలది) పైన, పెద్ద బిట్ (విలువ 128 గలది) కింద ఉంటాయి. డేటాషీట్‌లో ఇది చదివినవారు సహజంగానే నిలువు పద్ధతిని ఎంచుకుంటారు, అక్కడే చిక్కుపడతారు. అడాఫ్రూట్ లైబ్రరీలోని డ్రాబిట్‌మ్యాప్ ఫంక్షన్ అడ్డ పద్ధతి అర్రేనే తీసుకుని, చిప్‌కు కావలసిన రూపంలోకి తానే మార్చుకుంటుంది. కాబట్టి చూడవలసింది చిప్‌ను కాదు, మీరు పిలిచే ఫంక్షన్‌ను. చిప్ మెమరీలోకి బైట్లను మీరే నేరుగా పంపుతున్నప్పుడు మాత్రమే నిలువు పద్ధతి కావాలి. నోకియా 5110 తెరలోని పీసీడీ 8544 చిప్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

ఇక బిట్ల క్రమం. డ్రాబిట్‌మ్యాప్ పెద్ద బిట్‌ను ఎడమ పిక్సెల్‌గా చదువుతుంది. ఎక్స్‌బీఎం పద్ధతి చిన్న బిట్‌ను ఎడమ పిక్సెల్‌గా చదువుతుంది. ఎడమ నాలుగు పిక్సెళ్లు వెలగాలంటే మొదటి పద్ధతిలో 240 రాయాలి, రెండో పద్ధతిలో 15 రాయాలి. ఇమేజ్2సీపీపీలో బిట్లను తిరగేసే ఎంపిక ఉన్నది ఇందుకే.

వెడల్పు ఎనిమిదితో భాగించబడకపోతే అడ్డ పద్ధతిలో ప్రతి వరుస చివరా ఖాళీ బిట్లు చేరతాయి. 20 × 20 బొమ్మకు 400 బిట్లే కదా, 50 బైట్లు చాలుననిపిస్తుంది. కానీ వరుసకు 3 బైట్ల చొప్పున 60 బైట్లు పడతాయి.

తెరపై బొమ్మ చెదిరిపోయి వస్తోంది. తప్పు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?

చెదిరిన తీరే తప్పును చెబుతుంది. కంగారుపడి కోడ్ అంతా మార్చకుండా ముందు తెరను నిదానంగా చూడండి.

బొమ్మ ఏటవాలుగా జారినట్టు ఉంటే, ఫంక్షన్‌కు మీరిచ్చిన వెడల్పు అర్రే వెడల్పుతో సరిపోవడం లేదు. వరుసకు పట్టే బైట్ల సంఖ్య మారినప్పుడే ఇలా జరుగుతుంది: 60 పిక్సెళ్ల బొమ్మకు 64 అని ఇచ్చినా వరుసకు 8 బైట్లే కాబట్టి జారదు, 56 అని ఇస్తే జారుతుంది. అక్షరాల స్థానాలు సరిగానే ఉండి, ఎనిమిదేసి పిక్సెళ్ల నిలువు పట్టీలు ఒక్కొక్కటీ కుడి ఎడమలుగా తిరగబడి ఉంటే బిట్ల క్రమం తప్పింది. పదం ఆనవాలే లేకుండా తునకలై చెల్లాచెదురైతే అడ్డం, నిలువు తారుమారయ్యాయి. వెలగవలసినది ఆరి, ఆరవలసినది వెలిగితే సాధనంలో రంగులను తిరగేయాలి. తెల్ల కాగితంపై నల్ల అక్షరంగా బొమ్మ చేసిన వారందరికీ ఇది ఎదురవుతుంది. పై భాగం బాగుండి కింద చెత్త చుక్కలు వస్తే, ఎత్తు ఎక్కువ ఇవ్వడం వల్ల ప్రోగ్రాము అర్రే దాటి పక్కనున్న మెమరీని చదువుతోంది.

కొత్త బొమ్మ కింద పాత బొమ్మ కూడా కనిపిస్తే అది అర్రే దోషం కాదు. డ్రాబిట్‌మ్యాప్ 1 ఉన్న చోట గీస్తుంది, 0 ఉన్న చోట ఏమీ చేయదు. ముందుగా తెరను తుడవాలి, లేదా నేపథ్య రంగు కూడా ఇవ్వాలి. అసలేమీ కనిపించకపోతే, గీసిన తరువాత డిస్‌ప్లే ఫంక్షన్‌ను పిలిచారో లేదో చూడండి, ఎందుకంటే అంతవరకు బొమ్మ బోర్డు మెమరీలోనే ఉంటుంది.

వీటన్నిటినీ ఒక్కసారే పరీక్షించడానికి ఒక మంచి ఉపాయం ఉంది. అసలు బొమ్మ కొలతలోనే ఒక పరీక్ష బొమ్మ చేసి, చుట్టూ ఒక పిక్సెల్ గీత గీసి, ఎడమ పై మూలలో 4 × 4 నిండు చతురస్రం పెట్టండి. నాలుగు అంచులూ నిటారుగా వచ్చి, చతురస్రం తన మూలలోనే ఉంటే మీ ఎంపికలన్నీ సరైనవి. ఇక అవే ఎంపికలతో ఎన్ని పదాలనైనా మార్చుకోవచ్చు.

ఆర్డుయినో ఊనోలో ఎన్ని బొమ్మలు పడతాయి?

ఊనోలో ఫ్లాష్ మెమరీ 32 కిలోబైట్లు, అందులో ప్రోగ్రామును బోర్డులోకి ఎక్కించుకునే బూట్‌లోడర్ పోగా 32,256 బైట్లు మనవి. ర్యామ్ 2 కిలోబైట్లే, అందులో 1,024 బైట్లను అడాఫ్రూట్ లైబ్రరీ తెర కోసం తీసుకుంటుంది. తెర నిండా పట్టే బొమ్మ ఒక్కటి ర్యామ్‌లోకి వచ్చినా మిగతా ప్రోగ్రాముకు చోటు ఉండదు. అందుకే అర్రే ప్రకటనలో కాన్‌స్ట్‌తో పాటు ప్రోగ్‌మెమ్ అనే పదం తప్పనిసరి; అది ఉంటే అర్రే ఫ్లాష్‌లోనే ఉండిపోతుంది. కాన్‌స్ట్ రాసి ప్రోగ్‌మెమ్ మరిచిపోతే ఊనోలో మరో చిక్కు కూడా ఉంది: ఫంక్షన్ ఫ్లాష్‌లో వెతుకుతుంది, అర్రే ర్యామ్‌లో ఉంటుంది, తెరపై అర్థంలేని చుక్కలు వస్తాయి.

96 × 32 కొలతలో ఒక పదానికి 384 బైట్లు. 30 పదాలకు 11,520 బైట్లు; ఊనోలో ఇబ్బంది లేకుండా పడతాయి. ర్యామ్ మరీ కరువైతే యూ8జీ2లో పేజీ పద్ధతి ఉంది; అది తెరను ముక్కలుగా గీస్తూ 128 బైట్లతోనే నెట్టుకొస్తుంది. ఈఎస్‌పీ 32 వాడేవారికి ఈ చింతలు దాదాపుగా ఉండవు, అక్కడ కాన్‌స్ట్ అర్రే దానంతట అదే ఫ్లాష్‌లో ఉంటుంది.

ధర, ఉష్ణోగ్రత వంటి మారే అంకెలకు ఏం చేయాలి?

"ధర", "ఉష్ణోగ్రత" అనే పదాలు బొమ్మలుగా, అంకెలు లైబ్రరీ ఫాంట్‌లో ఉంచండి. ఒడియా అంకెలే కావాలని అడిగితే సున్నా నుంచి తొమ్మిది వరకు 16 × 24 కొలతలో పది బొమ్మలు చేయండి. ఒక్కొక్కటి 48 బైట్లు, మొత్తం 480. సంఖ్యలోని ప్రతి అంకెనూ విడదీసి, ఆ సంఖ్య గల బొమ్మను పక్కపక్కన గీయిస్తే సరిపోతుంది.

రంగుల తెరకు అర్రే ఎలా ఉంటుంది? నా బొమ్మలో ఎరుపు నీలంగా వస్తోంది.

ఎస్‌టి 7735, ఐఎల్‌ఐ 9341 వంటి చిప్‌లున్న తెరల్లో సాధారణంగా ఒక్కో పిక్సెల్‌కు 16 బిట్లు: ఎరుపుకు 5, ఆకుపచ్చకు 6, నీలానికి 5. మన కంటికి ఆకుపచ్చలో సూక్ష్మమైన తేడాలు ఎక్కువగా తెలుస్తాయి కాబట్టి దానికి ఒక బిట్ ఎక్కువ ఇచ్చారు. నిండు ఎరుపు ఈ పద్ధతిలో 63,488. దాని రెండు బైట్లు 248, 0. ఆ రెండూ స్థానాలు మారితే 248 అనే సంఖ్య వస్తుంది, అది నీలం. మీ తెరపై జరుగుతున్నది బహుశా ఇదే. నలుపు, తెలుపు మాత్రం మారవు కాబట్టి ఆ రెండు రంగులతో పరీక్షించి లాభం లేదు. టీఎఫ్‌టీ ఈఎస్‌పీఐ లైబ్రరీలో బైట్లు తిరగేసే సెట్‌స్వాప్‌బైట్స్ అనే ఫంక్షన్ ఉంది.

పరిమాణం కూడా ముందే లెక్క వేసుకోండి: 128 × 160 రంగుల బొమ్మకు 40,960 బైట్లు, ఊనో ఫ్లాష్ కన్నా ఎక్కువ. 240 × 320 అయితే 1,53,600 బైట్లు.

మనిషి ఫోటోను ఒకే రంగు తెరపై చూపవచ్చా?

డిథరింగ్ అనే పద్ధతితో చూపవచ్చు. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ ప్రచురించిన పద్ధతిలో, ఒక పిక్సెల్‌ను నలుపో తెలుపో చేసినప్పుడు మిగిలిపోయిన తేడాను పక్క పిక్సెళ్లకు పంచుతారు. దూరం నుంచి చూస్తే బూడిద ఛాయలున్నట్టు అనిపిస్తుంది. ముఖం వరకే కత్తిరించి, కాంట్రాస్ట్ పెంచి మార్చండి. అక్షరాలకు మాత్రం డిథరింగ్ ఎప్పుడూ వాడవద్దు.

కదిలే బొమ్మలు ఎంత వేగంగా చూపవచ్చు?

తెరను బోర్డుకు కలిపే ఐ2సీ తీగలపై ఒక్కో బైట్‌కు 9 బిట్ల కాలం పడుతుంది. 1,024 బైట్లకు 400 కిలోహెర్ట్జ్ వేగంలో దాదాపు 23 మిల్లీసెకన్లు, 100 కిలోహెర్ట్జ్‌లో దాదాపు 92. అంటే నెమ్మది వేగంలో సెకనుకు పది బొమ్మలు మించవు.

పైన పసుపు, కింద నీలం వస్తోంది. కోడ్‌లో ఎలా మార్చాలి?

మార్చలేరు. ఆ రకం తెరలో పై 16 వరుసలు పసుపుగా, మిగతా 48 నీలంగా తయారీలోనే ఉంటాయి. పదం ఆ సరిహద్దుపై పడకుండా 17వ వరుస నుంచి మొదలుపెట్టండి.

బొమ్మ రెండు పిక్సెళ్లు పక్కకు జరిగి, అంచున చుక్కలు కనిపిస్తున్నాయి.

మీ తెరలో ఉన్నది ఎస్‌ఎస్‌డి 1306 కాక ఎస్‌హెచ్ 1106 అయి ఉండవచ్చు, 1.3 అంగుళాల తెరల్లో అది ఎక్కువగా వస్తుంది. దాని మెమరీ వెడల్పు 132, తెర వెడల్పు 128. అర్రేను ముట్టుకోకుండా లైబ్రరీలో చిప్ పేరు మార్చండి.

16 × 2 ఎల్‌సీడీపై తెలుగు రాయవచ్చా?

ఆ ఎల్‌సీడీని నడిపే హెచ్‌డి 44780 చిప్‌లో మనం చేర్చగలిగేవి 5 × 8 కొలతలో 8 గుర్తులే, గడుల మధ్య ఖాళీ కూడా ఉంటుంది. ఒకటి రెండు గుర్తులకు తప్ప తెలుగుకు అది తగదు.

దుకాణం ముందు పెట్టే పీ10 ఎల్‌ఈడీ బోర్డుకు కూడా ఇదే పద్ధతా?

ఇదే. పీ10 ప్యానెల్‌లో ఎల్‌ఈడీల మధ్య దూరం 10 మిల్లీమీటర్లు, 32 × 16 ఎల్‌ఈడీలు, అంటే 320 × 160 మిల్లీమీటర్ల పలక. ఒకే రంగుదైతే నిండు బొమ్మకు 64 బైట్లు. 16 వరుసల్లో "స్వాగతం" వంటి పదం ఇరుకుగా ఉండి స కింద వకారపు వత్తు ముద్దగా మారుతుంది. వీలైతే రెండు ప్యానెళ్లను ఒకదానిపై ఒకటి బిగించి 32 వరుసలు చేసుకోండి. ఖర్చు పెరిగినా బస్సు దిగి రోడ్డు దాటేవారు కూడా చదవగలుగుతారు. పాకే అక్షరాలు కావాలంటే వాక్యమంతా ఒకే పొడవైన బొమ్మగా చేసి, గీసే స్థానాన్ని ఒక్కో పిక్సెల్ ఎడమకు జరుపుతూ పోవాలి. కొన్ని పీ10 లైబ్రరీల్లో 0 అంటే వెలగడం, 1 అంటే ఆరడం. రంగులు తారుమారైతే ముందు అది చూడండి.

సవర భాషలో బోర్డు కావాలని గుణుపురం వైపు పాఠశాల వారు అడిగారు. చేయగలమా?

తప్పకుండా చేయగలరు, చేయాలి కూడా. సవర భాషకు మంగై గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది. 2012లో వచ్చిన యూనికోడ్ 6.1లో అది చేరింది, నోటో కుటుంబంలో దానికి ఫాంట్ కూడా ఉంది. ఆ ఫాంట్‌ను కంప్యూటర్‌లో పెట్టుకుంటే మిగతా పని తెలుగుకు చెప్పినట్టే. అయితే కొందరు సవర భాషను ఒడియా లిపిలోనూ తెలుగు లిపిలోనూ చదువుతారు కాబట్టి, ఏ లిపిలో కావాలో పాఠశాల వారినే అడిగి, పదాలను వారి చేతనే రాయించుకుని, వాటిని చూస్తూ కాన్వాస్‌పై కూర్చండి.